నూతిలో ముసలమ్మ: దెయ్యాల ఇంటికి కదిలే బొమ్మ చేసే పద్ధతి

నేను చేసిన మొదటి ముసలమ్మ వైపర్ మోటారుతో లేచేది. విశాఖ బీచ్ రోడ్డు దగ్గర ఒక వేసవి ఎగ్జిబిషన్‌లో, దెయ్యాల ఇంట్లో మూడో గది ఆమెది. నూతి గట్టు వెనకనుంచి నెమ్మదిగా లేచి, చెయ్యి చాచి, మళ్లీ లోపలికి దిగిపోయేది. నాలుగో రోజు రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది. ముసలమ్మ పైకి లేచిన చోటే ఆగిపోయింది. చాచిన చెయ్యి మనుషులు నడిచే దారికి అడ్డంగా నిలిచింది. చీకట్లో, పిల్లవాడిని భుజాన ఎక్కించుకొని వస్తున్న ఒకాయన ఆ చేతికి నుదురు కొట్టుకున్నాడు. కాస్త గీరుకుపోయింది, అంతే. కానీ టార్చి వేసి చూస్తే పిల్లవాడి కన్ను ఆ ఇనుప వేళ్లకు జానెడు దూరంలో ఉంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

తప్పు నాదే. వైపర్ మోటారులో ఉండేది వర్మ్ గేరు. మోటారు తిరిగితే గేరు తిరుగుతుంది, గేరును బయటినుంచి తోస్తే మోటారు తిరగదు. కారు అద్దం మీద పుల్ల గాలికి కదలకుండా ఉండడానికి అది మంచి గుణం. నూతిలో ముసలమ్మకు అదే దోషమైంది: కరెంటు పోతే ఎక్కడ ఉందో అక్కడే బిగుసుకుపోతుంది.

మా బావమరిది ఓడల మరమ్మతు పనుల్లో ఎలక్ట్రీషియన్. మర్నాడు షెడ్డుకు వచ్చి, బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, "బావా, ఇది లేవడం గురించి నెల రోజులు ఆలోచించావు. పడుకోవడం గురించి ఎంతసేపు ఆలోచించావు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. అప్పటినుంచి ఏ బొమ్మ మొదలుపెట్టినా, కరెంటు, గాలి, కంప్యూటర్ అన్నీ పోయినప్పుడు అది ఎక్కడ, ఏ భంగిమలో పడి ఉండాలో ముందు గీస్తాను. మిగతా పనంతా అక్కడినుంచి వెనక్కి వస్తుంది. ఇప్పుడున్న ముసలమ్మ నాలుగోది. దాన్ని చేసిన వరుసలోనే చెబుతాను.

నేలమీద సుద్దగీత

ఇనుము కోయకముందు షెడ్డు నేలమీద అసలు కొలతలతో సుద్దముక్కతో గీయండి. కాగితం మీద గీసిన బొమ్మ అబద్ధం చెబుతుంది, నేలమీద గీసింది చెప్పదు. ముసలమ్మ నడుము దగ్గర ఇరుసు, తల కొస దాకా 84 సెంటీమీటర్లు. పడుకున్నప్పుడు నిలువు గీతకు 60 డిగ్రీలు వెనక్కి వాలి, నూతి గట్టుకు కిందుగా ఉంటుంది. పూర్తిగా లేచినా నిలువుకు ఇంకా 10 డిగ్రీలు వెనకే ఆగుతుంది. ఆ 10 డిగ్రీలే ప్రాణం. నిలువు దాటి ముందుకు వాలిందంటే సొంత బరువుతో మనుషుల మీదికి పడుతుంది. దాటకపోతే, పట్టి ఉంచే బలం పోయిన మరుక్షణం సొంత బరువుతోనే వెనక్కి నూతిలోకి పోతుంది. భూమ్యాకర్షణకు ఫ్యూజు ఉండదు కదా.

ఇప్పుడు మనుషులను గీయండి. పెద్దవాడు కంచెమీదినుంచి వంగి చెయ్యి చాచితే మీటరు దాకా వస్తుంది. భయంతో వంగినవాడు ఇంకా ముందుకు వస్తాడు. అందుకే ముసలమ్మ వేళ్ల కొసలకు, చాచిన మనిషి చేతికి మధ్య మరో అర మీటరు వదిలాను. అంత ఖాళీ ఇస్తే భయం తగ్గిపోతుందని ప్రతి నిర్వాహకుడూ అంటాడు. తగ్గదు. చీకట్లో దూరం ఎవరికీ తెలియదు. వెలుతురును వెనకనుంచి, కిందినుంచి వేస్తే రెండు మీటర్ల అవతల ఉన్న ముఖం కూడా మీదికి వచ్చినట్టే ఉంటుంది.

బొమ్మ ఏ వైపునుంచి లేవాలన్నది కూడా ఇక్కడే తేలాలి. ఎదురుగా లేస్తే ముందున్నవాళ్లు వెనక్కి గెంతుతారు, వెనక ఉన్నవాళ్ల మీద పడతారు. ఇరుకు దారిలో ఒక ముసలావిడ పడిపోవడానికి అది చాలు. పక్కనుంచి, జనం కాస్త దాటిన తరువాత వెనకవైపుగా లేపితే అందరూ ముందుకు పరుగెత్తుతారు, గది ఖాళీ అవుతుంది, తరువాతి గుంపుకు చోటు దొరుకుతుంది. నూతిని దారికి ఎడమపక్కన, మలుపుకు రెండడుగుల ముందు పెట్టడానికి కారణం ఇదే.

నలిగే సందులకు అంతర్జాతీయ ప్రమాణంలో లెక్కలు ఉన్నాయి. కదిలే భాగానికి, కదలని భాగానికి మధ్య సందు ఎంత ఇరుకైనా వేలికి 25 మిల్లీమీటర్లు, అరచేతికి 100, చేతికి 120, తలకు 300, మొత్తం శరీరానికి 500 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ అవయవం దూరే అవకాశం ఉన్న ప్రతిచోటా ఈ ఖాళీ వదలాలి, లేదా అసలు దూరకుండా మూసేయాలి. నా ముసలమ్మ మోచేతికి, గట్టు అంచుకు మధ్య మొదట 60 మిల్లీమీటర్లే ఉండేది. చెయ్యి దూరుతుంది, తిరిగి రాదు. గట్టును కోసి 130 చేశాను.

అస్థిపంజరం

25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 16 గేజి మందం. పీఠానికి మాత్రం 40 మిల్లీమీటర్లది, 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 పొడవు, దానిమీద రెండు ఇసుక బస్తాలు. గాజువాక ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్టుకు వెళితే మంచి పైపు చవకగానే దొరుకుతుంది. తుప్పు పట్టిన పైపును తట్టి చూసి ఏరుకోండి: లోపల పొరలు లేచిన పైపు మొద్దుగా మోగుతుంది.

బోల్టునే కీలుగా వాడవద్దు. కొత్తలో బాగానే ఉంటుంది. వారం తిరిగేసరికి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, బొమ్మ వణకడం మొదలుపెడుతుంది. నడుము దగ్గర 15 మిల్లీమీటర్ల ఇరుసు, రెండు వైపులా యూసీపీ 202 పిల్లో బ్లాకులు (ఇరుసును పట్టే బేరింగు దిమ్మెలు) వేశాను. రెండు బేరింగుల ఖర్చు చూసి వెనకాడేవారు ఈ లెక్క వేసుకోండి. 40 సెకన్లకు ఒకసారి లేస్తే, సాయంత్రం 5 గంటల ఆటలో 450 సార్లు. ఎగ్జిబిషన్ 40 రోజులు. మొత్తం 18,000 సార్లు. ఇంట్లో తలుపును మీరు రోజుకు 20 సార్లు తెరిచినా ఆ లెక్కకు చేరడానికి రెండున్నరేళ్లు పడుతుంది.

ఇన్నిసార్లు ఊగితే వెల్డింగు అతుకు ఒకేసారి విరగదు, ముందు వెంట్రుకవాసి పగులు వస్తుంది. అందుకని కదిలే ప్రతి మూలకు త్రికోణపు పలక వేసి అతికించండి, అతుకు చివరలను గ్రైండరుతో నున్నగా చేయండి. నట్లన్నీ నైలాకువే, లోపలి నైలాన్ వలయం వల్ల తొందరగా వదులు కానివి. బిగించిన తరువాత నట్టునుంచి కిందున్న పలకమీదికి ఒక సన్నటి గీత గీస్తాను. దీనికి మా ఆవిడ ఎర్ర గోళ్లరంగు వాడతాను, ఇంతకంటే మంచి రంగు దొరకలేదు. రోజూ సాయంత్రం టార్చి వేస్తే గీత నిలువునా ఉందో, విరిగి పక్కకు జరిగిందో ఒక్క చూపులో తెలుస్తుంది. పానా పట్టుకొని ముప్పై నట్లూ తిప్పి చూడనక్కరలేదు. గోళ్లరంగు సీసా పోయిందని ఇంట్లో మాట పడ్డాను, అది వేరే కథ.

తలను 3 మిల్లీమీటర్ల ఉక్కు తాడుతో అస్థిపంజరానికి విడిగా కట్టండి. మెడ దగ్గర అతుకు విరిగినా తల ఎగిరి జనంలో పడకూడదు.

కదిలేది ఎంత తేలికైతే అన్ని విధాలా అంత మంచిది. ముసలమ్మ నడుము పైభాగం మొత్తం 3 కిలోలు. మొదటిది 9 కిలోలు ఉండేది, తలను ఫైబర్‌తో మందంగా పోయించాను, గొప్పగా ఉంటుందని. ఇప్పటి తల కాగితం గుజ్జు, మైదా జిగురు, పైన గుడ్డపొర. కళ్లు మాత్రం ప్రత్యేకం. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే ఒకాయన దగ్గర అంకుడు కర్రతో రెండు గుండ్లు తరిమెన పట్టించి, తెల్ల లక్క పూత వేయించాను. లక్కకు ఉండే ఆ లోపలి మెరుపు ఏ ప్లాస్టిక్ గోళానికీ రాదు. చిన్న దీపం పడినా కన్ను తడిగా ఉన్నట్టు కనిపిస్తుంది. తెరుచుకునే నోళ్లు, రక్తపు ధారలు చూసి నవ్వే కుర్రాళ్లు కూడా ఆ కళ్ల దగ్గర ఒక క్షణం ఆగుతారు.

ఉప్పుగాలి

హైదరాబాద్‌లో పదేళ్లు ఉండే బొమ్మ మన ఊళ్లో సముద్రం ఒడ్డున రెండేళ్లు ఉంటే గొప్ప. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే పూసి వదిలేస్తే వానాకాలం దాటదు. అతుకులను తీగ బ్రష్షుతో గీకి, జింకు ప్రైమరు రెండు చేతులు, ఆపైన ఎనామిలు. చదరపు పైపు పైకి బాగున్నా లోపలినుంచి తుప్పు తినేస్తుంది, కాబట్టి కొసలకు ప్లాస్టిక్ మూతలు వేసి, అన్నిటికంటే కిందున్న చోట 6 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టండి. నీరు ఎలాగూ చేరుతుంది, పోవడానికి దారి ఉండాలి.

స్టెయిన్‌లెస్ అని నమ్మి 304 రకం బోల్టులు వేస్తే వాటిమీదా గోధుమరంగు మరకలు వస్తాయి. మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పుకు బాగా తట్టుకుంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. నేను ఇరుసు దగ్గర, తల దగ్గర మాత్రమే 316 వాడతాను. ఒక జాగ్రత్త: అల్యూమినియం పలకకు స్టెయిన్‌లెస్ బోల్టు నేరుగా బిగిస్తే, ఉప్పు చెమ్మలో రెండూ కలిసి చిన్న బ్యాటరీలా మారి, అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు వేయండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు షెడ్డు రేకులు ఎగిరిపోయి బొమ్మలన్నీ నానిపోయాయి. అడుగున రంధ్రం ఉన్న పెట్టెల్లోని మోటార్లు ఆరబెడితే తిరిగాయి. గాలి కూడా చొరకుండా గట్టిగా మూశానని నేను మురిసిపోయిన పెట్టెల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి.

గాలి

నాలుగో ముసలమ్మ గాలితో లేస్తుంది. మోటారు నెమ్మదిగా ఊగే వాటికి మంచిది: ఊయల, తల తిప్పడం, ఊపిరి తీస్తున్నట్టు ఛాతీ కదలడం. ఉలిక్కిపడేలా లేవాలంటే మాత్రం గాలి సిలిండరే, అంటే గాలి నింపితే కడ్డీని బయటికి తోసే గొట్టం. పైగా గాలి పోతే బిగుసుకుపోదు, వదిలేస్తుంది.

సిలిండరు ఎంపికలో అందరూ చేసే తప్పు పెద్దది కొనడం. లెక్క చాలా సులభం: వైశాల్యాన్ని ఒత్తిడితో గుణించాలి. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు ఉన్న సిలిండరు వైశాల్యం దాదాపు 4.9 చదరపు సెంటీమీటర్లు. 3 బార్ ఒత్తిడి దగ్గర (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) దాదాపు 15 కిలోల తోపు వస్తుంది. 40 మిల్లీమీటర్లది 6 బార్ దగ్గర 77 కిలోలు తోస్తుంది. మనిషి పక్కటెముకల మీద 77 కిలోలు ఏం చేస్తాయో చెప్పనక్కరలేదు.

నా బొమ్మలో సిలిండరు ఇరుసుకు 12 సెంటీమీటర్ల దూరంలో తోస్తుంది. 15 కిలోలను 12తో గుణిస్తే తిప్పే బలం 180. ముసలమ్మ బరువు 3 కిలోలు, బరువు మధ్యబిందువు ఇరుసుకు 40 సెంటీమీటర్ల దూరంలో, అంటే పూర్తిగా అడ్డంగా ఉన్నా 120 కంటే ఎక్కువ అడగదు. కాబట్టి లేస్తుంది. అదే 180ని తల కొసన ఉన్న 84 సెంటీమీటర్లతో భాగిస్తే 2 కిలోల చిల్లర. తల మనిషికి తగిలినా తోసే బలం అంతే. కాయగూరల తూకానికి వాడే స్ప్రింగు త్రాసును నుదుటికి తగిలించి, లేచేటప్పుడు పట్టి చూస్తే నాకు దాదాపు అదే వచ్చింది. 10 సెంటీమీటర్ల కడ్డీ కదలికకు తల 70 సెంటీమీటర్లు కదులుతుంది. బలం తగ్గిన కొద్దీ వేగం పెరిగింది. భయానికి కావలసింది వేగమే.

గాలి ఒక్క వైపే పంపుతాను, పైకి తోయడానికి మాత్రమే. దిగడం బరువు పని. కాబట్టి కరెంటుతో పనిచేసే త్రీ బై టూ సొలినాయిడ్ వాల్వు (మూడు దారులు, రెండు స్థితులు) చాలు, అదికూడా కరెంటు లేనప్పుడు మూసి ఉండి, సిలిండరులోని గాలిని బయటికి వదిలే రకం. బయటికి పోయే గాలికి ఫ్లో కంట్రోలు బిగించి సన్నం చేస్తే ముసలమ్మ రెండు మూడు సెకన్లలో మెల్లగా వెనక్కి వాలుతుంది. లేచి ఆగే చోట పాత టైరు రబ్బరు ముక్కలు రెండు అస్థిపంజరానికే బిగించండి. ఆ దెబ్బ సిలిండరు మూతమీద పడితే నెలలో మూత పగులుతుంది.

గాలి ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరును 3 బార్ దగ్గర పెట్టి తాళం వేసే రకం కొనండి. "ఈ రోజు ఆదివారం, కాస్త జోరు పెంచుదాం" అనుకునే మనిషి ప్రతి ఎగ్జిబిషన్‌లోనూ ఒకడు ఉంటాడు.

మన ఊరి గాలిలో చెమ్మ ఎక్కువ. కంప్రెసర్ ఆ గాలిని నొక్కితే ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. సాయంత్రం మొదలుపెట్టే ముందు కింది మర విప్పితే మే నెలలో కప్పు నీళ్లు కారతాయి. వదిలేస్తే ఆ నీరు వాల్వులోకి వెళ్లి దాన్ని బిగిస్తుంది, లేదా ట్యాంకును లోపలినుంచి తినేస్తుంది. ట్యాంకు తుప్పు పట్టడం బొమ్మ తుప్పు పట్టడం లాంటిది కాదు.

కరెంటు ఆపితే పని అయిపోయిందనుకోవద్దు. మా షెడ్డు కుర్రవాడు స్విచ్చి ఆపి, బొమ్మ వెనక చెయ్యి పెట్టి గొట్టం సరిచేస్తున్నాడు. ట్యాంకులో 6 బార్ గాలి అలాగే ఉంది. వాల్వు మీద ఉండే చిన్న బటను, చేత్తో నొక్కి పరీక్షించడానికి ఇచ్చింది, మోచేతికి తగిలింది. ముసలమ్మ లేచింది. వాడి చూపుడువేలి గోరు ఊడింది. మర్నాడే బొమ్మకు ముందు చేత్తో తిప్పే డంప్ వాల్వు పెట్టాను: మూస్తే సరఫరా ఆగడమే కాదు, బొమ్మవైపు గొట్టంలోని గాలి కూడా బుస్సుమని పోతుంది. దానికి తాళంకప్ప వేసే రంధ్రం ఉంటుంది. తాళంచెవి ఎవరు లోపలికి వెళుతున్నారో వాళ్ల జేబులో ఉండాలి.

కరెంటు, సెన్సరు

జనం తాకగలిగే దూరంలో 230 వోల్టులు ఉండకూడదు. నూతిదాకా వెళ్లేది 24 వోల్టుల డీసీ మాత్రమే. దాన్నిచ్చే ఎస్‌ఎంపీఎస్ (230 వోల్టులను 24కు మార్చే పరికరం) దూరంగా, తాళం వేసిన పెట్టెలో, కరెంటు లీకైతే సరఫరా కోసేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వెనక ఉంటుంది. జనరేటరుతో నడిచే మైదానంలో ఎర్తింగు ఉందని ఎవరైనా నోటితో చెబితే నమ్మకండి, ఎర్తు కడ్డీ ఎక్కడ దింపారో వెళ్లి చూడండి. ఆర్‌సీసీబీ పరీక్ష బటను కూడా నొక్కి చూడండి, కానీ అది ఆర్‌సీసీబీ పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది, ఎర్తింగు ఉందని కాదు. ప్రతి బొమ్మకు విడి ఫ్యూజు.

వైపర్ మోటార్లు వాడేవారికి ఒక మాట. చాలా వాటిలో మోటారు ఒళ్లే నెగటివ్ తీగ. ఇనుప అస్థిపంజరానికి నేరుగా బిగిస్తే మొత్తం బొమ్మ నెగటివ్ అయి కూర్చుంటుంది. రబ్బరు, నైలాన్ వేసి విడదీయండి.

సెన్సరు దగ్గర నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. అందరూ పీఐఆర్ సెన్సరు పెడతారు, చవక. అది మనిషి ఒంటి వేడికి, వెనకున్న గోడ వేడికి తేడాను పసిగడుతుంది. మే నెలలో రేకుల షెడ్డులో గోడ, మనిషి ఇద్దరూ ఒకటే వేడి. తేడా ఎక్కడిది? డిసెంబరులో బ్రహ్మాండంగా పనిచేసిన బొమ్మ వేసవిలో మనుషులను చూడడమే మానేసింది. తరువాత పరారుణ కిరణం జత పెట్టాను, మధ్యలో ఎవరైనా అడ్డొస్తే పనిచేసేది. పొగ యంత్రం వదిలిన ప్రతిసారీ పొగకే ముసలమ్మ లేచేది. చివరికి కిరణాన్ని పొగ లేని ముందు గది గుమ్మానికి మార్చి, అక్కడినుంచి నూతిదాకా నడిచే సమయాన్ని ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటర్ బోర్డులో ఆలస్యంగా పెట్టాను. చీకట్లో జనం నెమ్మదిగా నడుస్తారు, మొదట 3 సెకన్లు పెట్టి మా వీధి పిల్లలను నడిపించి 5కు మార్చాను.

సొలినాయిడ్ చుట్టకు అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడు వేయండి, రూపాయి వస్తువు. అది లేకపోతే వాల్వు ఆగిన ప్రతిసారీ చుట్టలోంచి వెనక్కి తన్నే వోల్టేజి ఆర్డ్యునోను తికమక పెడుతుంది. తికమక పడ్డ ఆర్డ్యునో వాల్వును తెరిచే ఉంచవచ్చు. అందుకని ప్రోగ్రామును నమ్మకుండా, వాల్వుకు వెళ్లే తీగలో విడిగా ఒక టైమర్ రిలే పెట్టాను. 4 సెకన్లు దాటితే ఎవరు ఏం చెప్పినా అది కరెంటు కోసేస్తుంది.

ఆపద వేళ అన్నీ ఆపే ఎర్ర పుట్టగొడుగు బటను సంగతి. దాన్ని మామూలుగా కలిసి ఉండి, నొక్కితే విడిపోయే కొనలకు కలపాలి. అప్పుడు ఎలుక తీగ కొరికినా, కొన ఊడినా బొమ్మ ఆగిపోతుంది. తిరగేసి కలిపితే, తెగిన తీగ సంగతి మీకు బటను నొక్కిన రోజున తెలుస్తుంది. నా దగ్గర ఒకటి బొమ్మ వెనక, ఒకటి ఆపరేటరు కుర్చీ పక్కన ఉంటాయి. నొక్కగానే బొమ్మ ఆగడం, శబ్దం ఆగడం, గదిలో తెల్ల లైట్లు వెలగడం మూడూ జరగాలి. మెరుపు లైట్లు సెకనుకు మూడు కంటే ఎక్కువసార్లు కొట్టనివ్వకండి, గుమ్మం దగ్గర బోర్డు పెట్టండి. మూర్ఛ ఉన్నవారికి అవి ప్రమాదం.

గుడ్డ, నిప్పు

1984 మే 11న అమెరికాలో న్యూజెర్సీలోని ఒక వినోద పార్కులో, దెయ్యాల కోట అనే ఆటలో నిప్పు అంటుకొని ఎనిమిది మంది యువకులు చనిపోయారు. లోపల చీకటి, వంకర దారులు, గోడలకు ఫోము. పైనుంచి నీళ్లు చిమ్మే ఏర్పాటు లేదు. జనానికి ఆ పొగ కూడా ఆటలో భాగమనిపించి ఉంటుంది. మనం కట్టే ప్రతి దెయ్యాల ఇల్లూ అదే నమూనా: చీకటి, మలుపులు, గుడ్డలు, భయపడి ఉన్న జనం.

అందుకని బొమ్మ లోపల పరుపు ఫోము వాడను. అది నిమిషాల్లో మండి విషపు పొగ కక్కుతుంది. థర్మోకోలు కూడా వద్దు. ముసలమ్మ చీర పాత నూలుచీర, పూర్ణామార్కెట్ దగ్గర కొన్నది. నైలాన్, పాలిస్టరు కరిగి బొట్లు బొట్లుగా మండుతూ కారతాయి. నూలు గుడ్డకు, జుట్టుగా వాడిన జనపనారకు మంట పట్టకుండా ఈ మందు పెడతాను: లీటరు గోరువెచ్చని నీటికి 70 గ్రాముల బోరాక్సు, 30 గ్రాముల బోరిక్ యాసిడ్. బాగా ముంచి, పిండకుండా నీడలో ఆరేయాలి. కలిపేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి, పిల్లలకు దూరంగా ఉంచండి. కాగితపు తలకు గుజ్జు కలిపేటప్పుడే ఇదే నీళ్లు వాడతాను. తడిస్తే మందు కొట్టుకుపోతుంది, కాబట్టి వాన పడ్డాక మళ్లీ పెట్టాలి.

పట్టిందో లేదో చూడడానికి అదే గుడ్డలో వేలెడు పీలిక కత్తిరించి, పటకారుతో పట్టుకొని, ఆరుబయట పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకొని, కొసకు 12 సెకన్లు అగ్గిపుల్ల మంట చూపించండి. పుల్ల తీసిన 2 సెకన్లలో మంట దానంతట అదే ఆరిపోవాలి, మండుతూ ఏమీ రాలకూడదు. మా మొదటి చీర పీలిక కళ్లముందే వేళ్లదాకా వచ్చింది. మందు పెట్టినదాని అంచు నల్లబడి, పొగ వచ్చి, ఆగిపోయింది. ఆ రెండు పీలికలను పలకకు అంటించి షెడ్డులో వేలాడదీశాను. అగ్నిమాపక శాఖ అనుమతి, రెండో ద్వారం, నడిచే దారిలో మండని తివాచీ నిర్వాహకుడి బాధ్యతలు. అవి లేని చోట నేను బొమ్మ దించను.

బెండకాయలతో పరీక్ష

బొమ్మ పూర్తయ్యాక కిలో బెండకాయలు కొనండి, ముదురువి. వేళ్లు దూరగలిగిన ప్రతి సందులో ఒక్కొక్కటి పెట్టి ముసలమ్మను లేపండి. విరిగిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, రేకుతోనో రబ్బరుతోనో మూసేయండి. నాకు మొదటిసారి పదకొండు విరిగాయి. చంక కింద, సిలిండరు కడ్డీ కీలు దగ్గర, మెడ వెనక. నేను చూసి చూసి ఏమీ లేదనుకున్న చోట్లు అవి. చివరిసారి ఒక్కటీ విరగలేదు, ఆ రాత్రి పులుసు పెట్టుకున్నాము.

తరువాత రెండు రోజులు ఆపకుండా నడపాలి, 20 సెకన్లకు ఒకసారి. దాదాపు 8,600 సార్లు అవుతుంది, సగం ఎగ్జిబిషన్ షెడ్డులోనే గడిచినట్టు. మధ్యలో మీరే శత్రువులు కావాలి. లేచేటప్పుడు కరెంటు తీయండి. లేచి ఉండగా గాలి గొట్టం మూయండి. ఆర్డ్యునో తీగ పీకండి. సెన్సరుకు అడ్డంగా అట్టముక్క పెట్టి వదిలేయండి. నాలుగుసార్లూ ముసలమ్మ వెనక్కి నూతిలోకే పోవాలి. ఒక్కసారి పోకపోయినా మళ్లీ మొదలు.

ఆట మొదలయ్యాక రోజూ చేసేది పావుగంట పనే. ట్యాంకు నీరు వదలడం, గోళ్లరంగు గీతలు చూడడం, తల ఉక్కు తాడు లాగి చూడడం, ఎర్ర బటన్లు రెండూ నొక్కి చూడడం, ఆర్‌సీసీబీ పరీక్ష. ఇవి నోట్‌బుక్కులో తేదీ వేసి రాయిస్తాను, కుర్రవాడి చేతే.

రాత్రి ఆట ముగిశాక కంప్రెసర్ ఆపి, డంప్ వాల్వు తిప్పి, ట్యాంకు కింది మర విప్పండి. మీటరు ముల్లు సున్నాకు వచ్చేదాకా అక్కడే నిలబడండి. బుస్సుమన్న చప్పుడు సన్నబడి ఆగిన తరువాత బొమ్మను ఒకసారి చేత్తో పైకెత్తి వదలండి. తనంతట తాను వెనక్కి వాలి, గట్టు కిందికి వెళ్లిందా? అప్పుడు తాళం వేయండి.